కార్డు బాకీ బదిలీ : మిగిలేదెంత, పోయేదెంత?

సీజనులో సరుకుకు రొక్కం ముందుగా చెల్లించడం, అమ్మిన సరుకు సొమ్ము ఆలస్యంగా చేతికి రావడం వర్తకులకు కొత్త కాదు. ఈ మధ్యలో గోతాలు, లారీ కిరాయి, డీజిల్ వంటి ఖర్చులకు క్రెడిట్ కార్డు వాడే చిన్న వర్తకులు ఉన్నారు. గడువు తేదీలోగా బాకీ మొత్తం కట్టినవారికి వడ్డీ బెడద లేదు. కట్టలేనివారికి మాత్రం ఇంతకన్న ప్రియమైన అప్పు బజారులో అరుదు.

పలు బ్యాంకులు కార్డు బాకీపై నెలకు నూటికి 3 రూపాయల 50 పైసలు, కొన్ని అంతకు మించి వడ్డీ వేస్తున్నవి. మామూలు బ్యాంకు అప్పుల వడ్డీపై జి.ఎస్.టి. లేదు గాని, కార్డు వడ్డీపై 18 శాతం ఉన్నది. వెరసి నెలకు నూటికి 4 రూపాయల 13 పైసలు పడుతున్నది. ప్రామిసరీ నోటుపై రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇందులో సగం కన్న తక్కువే.

సాలుకు 30 శాతం మించిన కార్డు వడ్డీ అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కనుక ఆ పరిమితిని నమ్ముకునే వీలు లేదు.

ఈ భారం తగ్గించుకొనే మార్గాలలో బాకీ బదిలీ ఒకటి. ఒక బ్యాంకు కార్డుపై ఉన్న బాకీని మరొక బ్యాంకు తీర్చివేసి, ఆ మొత్తాన్ని తన కార్డు ఖాతాలో రాసుకుంటుంది. కొన్ని నెలల వరకు తక్కువ వడ్డీ తీసుకుంటుంది. ఇందుకు రుసుము, రుసుముపై 18 శాతం జి.ఎస్.టి. వేరు.

ఉదాహరణకు లక్ష రూపాయల బాకీని ఆరు సమాన వాయిదాలలో తీర్చదలచిన వర్తకుని లెక్క చూద్దాం. పాత కార్డుపై 3.50 చొప్పున వడ్డీ రూ. 12,250, పన్ను రూ. 2,205, మొత్తం రూ. 14,455. కొత్త బ్యాంకు నెలకు 1 శాతం వడ్డీ, 2 శాతం రుసుము అడిగిందనుకుంటే, వడ్డీ, పన్ను కలిపి రూ. 4,130, రుసుము, పన్ను కలిపి రూ. 2,360, మొత్తం రూ. 6,490. మిగులు రూ. 7,965.

అయితే ఈ లెక్క తరుగుతున్న బాకీపై వడ్డీ వేసినప్పుడే నిలుస్తుంది. వాయిదాలు కడుతున్నా మొదటి లక్షపైనే ఆరు నెలలూ వడ్డీ కట్టే పద్ధతి అయితే ఖర్చు రూ. 9,440కి పెరిగి, మిగులు రూ. 5,015కి పడిపోతుంది. రేటు రెండు చోట్లా 1 శాతమే. కాబట్టి రేటు కన్న ముందు వడ్డీ దేనిపై కడతారో అడిగి తెలుసుకోవాలి.

త్వరలో సొమ్ము రానున్నవారికి బదిలీ నష్టమే. పై రేట్ల ప్రకారం 15 రోజులలో బాకీ మొత్తం తీర్చగలిగితే పాత కార్డుపై పడేది రూ. 2,065. బదిలీ చేస్తే రుసుముతో కలిపి రూ. 2,950. సుమారు 24 రోజులు దాటితేనే బదిలీ గిట్టుబాటు అవుతుంది.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం గత నెల బాకీ మిగిలి ఉంటే వడ్డీ లేని గడువు వర్తించదు. కొత్త కొనుగోళ్ళపై కూడా వడ్డీ నడుస్తుంది. కనుక బదిలీ చేసిన కార్డుపై కొత్త ఖర్చులు పెట్టకపోవడం మంచిది. రెండవది, రాయితీ గడువు ముగిశాక మిగిలిన బాకీపై మామూలు రేటు పడవచ్చు.

బదిలీ వల్ల వడ్డీ తగ్గుతుంది గాని అసలు తగ్గదు. ఖాళీ అయిన పాత కార్డుపై మళ్ళీ సరుకు ఖర్చులు రాస్తే ఒక బాకీ రెండవుతుంది. గిడ్డంగిలో సరుకు ఉన్నవారు ముందుగా సరుకు తాకట్టు రుణం ఏ రేటుకు వస్తుందో విచారించి, ఆ పైన కార్డు వైపు చూడడం శ్రేయస్కరం.