వంద మీద కారు.. ఇరవై మీద వడ్ల ట్రాక్టరు

హైవే మీద వేగానికి హద్దు ఎంత వుండాలి? కోతలకు ముందే రైతులు తేల్చుకోవాల్సిన సంగతి

వానాకాలం వరి కోతలు మొదలయ్యాయంటే హైదరాబాద్-విజయవాడ రహదారి కళే మారిపోతుంది. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ.. ఎక్కడ చూసినా వడ్ల ట్రాక్టర్లే. సూర్యాపేట మార్కెట్ యార్డుకు పోయేవి కొన్ని, ఊరి కొనుగోలు కేంద్రానికి పోయేవి కొన్ని, మిర్యాలగూడ మిల్లుల దారి పట్టేవి కొన్ని. వాటి సందున పత్తి ఏరడానికి పోయే ఆడకూలీల ఆటోలు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారే కోత మిషన్లు, రోడ్డు దాటే గొర్ల మందలు. అదే రోడ్డు మీద, పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి మధ్యాహ్నం భోజనం బెజవాడలో చేయాలనుకునే కార్లు, ఏసీ బస్సులు.

వడ్ల లోడుతో ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్లు పోతుంది. ఖాళీగా వున్నా 30 దాటితే గొప్ప. వెనుక నుంచి వచ్చే కారు 100 మీద వుంటుంది. ఈ రెండింటి మధ్య తేడా 80 కిలోమీటర్లు. మన రైతుల ప్రాణాలు ఆ తేడాలోనే చిక్కుకుని వున్నాయి.

పోయిన పత్తి సీజన్‌లో ఈ విలేకరికే ఎదురైన అనుభవం ఒకటి. పొద్దు గూకింది. మోటార్ సైకిల్ మీద 50కి అటూ ఇటూగా పోతున్నాను. ఎదురుగా వచ్చే లారీల లైట్లకు కళ్లు చెదురుతున్నాయి. ముందు పత్తి ట్రాలీ పోతోందని నాకు తెలిసింది దాని లైటు చూసి కాదు, మొహానికి వచ్చి తగిలిన పత్తి పింజెల వల్ల! బ్రేకు వేసేసరికి ట్రాలీకి బారెడు దూరంలో వున్నాను. ట్రాలీకి లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. 50 మీద వున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. 100 మీద వస్తే? తప్పు ట్రాలీదా, స్పీడుదా అని ఆ తర్వాత ఎవరైనా విచారించి ఏం లాభం?

చట్టం ఏం చెబుతోంది

వాహనాల గరిష్ట వేగాన్ని నిర్ణయించేది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్. దీని కింద కేంద్రం 2018 ఏప్రిల్‌లో కొత్త హద్దులు ప్రకటించింది. డివైడర్ వున్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 100, బస్సులకు 90, లారీలకు 80, మోటార్ సైకిళ్లకు 80, ఆటోలకు 50 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120. మిగతా మామూలు రోడ్ల మీద కార్లకు 70, బస్సులు, లారీలకు 60. వేగం పెంచడం సరికాదంటూ మద్రాసు హైకోర్టు 2021లో ఈ ప్రకటనను కొట్టివేసింది. పై అంకెల మీద వాదం ఎలా వున్నా, రోడ్డు పక్కన ప్రభుత్వం పెట్టిన బోర్డు మీద అంతకంటే తక్కువ అంకె వుంటే అక్కడ అదే హద్దు. దాటితే కార్లకు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, లారీలు, బస్సులకు రెండు వేల నుంచి నాలుగు వేల దాకా జరిమానా అని 2019 సవరణ చెబుతోంది.

కాగితం మీద ఇంత వున్నా జరిగేది వేరు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వీరిలో నూటికి 71 మంది చావుకు అతి వేగమే కారణమని నమోదయింది. దేశంలోని రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే. చావుల్లో వాటి వాటా 36 శాతం!

బ్రేకు లెక్క

బ్రేకు తొక్కగానే బండి ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కంటికి కనిపించింది బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే బండి కొంత దూరం పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకొంత జారుతుంది. ఇవన్నీ కలిపి మన దేశపు రోడ్డు ఇంజనీర్లు వాడే లెక్క ఇది: 60 మీద పోయే బండి ఆగడానికి 80 మీటర్లు, 80 మీద పోతే 120 మీటర్లు, 100 మీద పోతే 180 మీటర్లు కావాలి. పొలాల మీదుగా పోయే కరెంటు స్తంభాలతో చూస్తే 180 మీటర్లంటే దాదాపు మూడు నాలుగు స్తంభాల దూరం.

రాత్రి పూట డిమ్ లైటులో డ్రైవరుకు కనిపించేది 50, 60 మీటర్లే. అంటే లైటు లేని ఎడ్లబండిని, ట్రాలీని 60 మీద వచ్చే డ్రైవరు సైతం తప్పించలేకపోవచ్చు. ఇక 100 మీద వచ్చేవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకో లెక్క చూద్దాం. ట్రాక్టరు 20 మీద పోతోంది. వెనుక వంద మీటర్ల దూరంలో కారు వుంది. కారు 100 మీద వస్తే ఆ దూరం నాలుగున్నర సెకన్లలో కరిగిపోతుంది. 60 మీద వస్తే తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ రెట్టింపు సమయంలో డ్రైవరు లైను మారొచ్చు, హారన్ కొట్టొచ్చు, ట్రాక్టరు రైతు పక్కకు దిగొచ్చు. వేగం 60 నుంచి 120కి పెరిగితే దెబ్బ బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి ఎంత వుండాలి?

దీనికి ఒకే అంకె చెప్పడం కుదరదు. రోడ్డు మీద ఎవరెవరు తిరుగుతున్నారన్నదాన్ని బట్టి హద్దు వుండాలి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వుంది. దానికి అటూ ఇటూ కంచె. ద్విచక్ర వాహనాలను రానివ్వరు. ఎద్దుబండి కనిపించదు. అక్కడ మొదటి రెండు లైన్లలో వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. దాంతో రైతుకు పేచీ లేదు.

మన హైవే సంగతి అది కాదు. ఊరు రోడ్డుకు ఇవతల, పొలం అవతల. రోడ్డు నాలుగు వరుసలయ్యాక డివైడర్ అడ్డం వచ్చింది. సర్వీసు రోడ్డు లేనిచోట, అండర్‌పాస్ దూరమైనచోట పాలు పోయడానికి, మేత తేవడానికి, చేనుకు నీళ్లు పెట్టడానికి పోయేవాళ్లంతా హైవే ఎక్కక తప్పదు. ఇలాంటిచోట నిదానంగా పోయేవాణ్ణి చూసి హద్దు పెట్టాలి గానీ, జోరుగా పోయేవాణ్ణి చూసి కాదు.

కాబట్టి సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ వుండి, ట్రాక్టరు హైవే ఎక్కాల్సిన పని లేనిచోట కార్లకు 100, లారీలకు 80 వుంటే వుండనీయండి. ఊరి జంక్షన్, యూ టర్న్, మార్కెట్ యార్డు మలుపు, కొనుగోలు కేంద్రం వున్నచోట అటూ ఇటూ అర కిలోమీటరు దాకా ఏ బండికైనా 60 మించకూడదు. చీకటి పడ్డాక అక్కడ ఇంకా తగ్గించాలి.

'టోలు కట్టి పోయేది నిదానంగా పోవడానికా?' అని కార్లవాళ్లు అడగొచ్చు. దానికీ లెక్క వుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. దారిలో ఇలాంటి చోట్లు ఇరవై వున్నాయనుకుందాం. ఒక్కోచోట ఒక కిలోమీటరు పొడవున 100కు బదులు 60 మీద పోతే అదనంగా పట్టేది 24 సెకన్లు. ఇరవై చోట్లకూ కలిపి ఎనిమిది నిమిషాలు. ఒక చాయ్ తాగే సమయం! దానికోసం ఒక ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకోవాలా?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. వేగం పెంచినచోట ముందుగా పక్కకు నెట్టేది మనల్నే. బెంగళూరు-మైసూరు రహదారి మీద 2023 ఆగస్టు 1 నుంచి ట్రాక్టర్లను, ద్విచక్ర వాహనాలను, ఆటోలను ప్రధాన రోడ్డు మీదికి రానివ్వడం లేదు. భద్రత కోసం అలా చేయడం తప్పనలేం. అయితే పక్కన సరైన సర్వీసు రోడ్డు వేశాకే అలాంటి మాట ఎత్తాలి. సర్వీసు రోడ్డు లేకుండా ట్రాక్టరును ఆపితే వడ్లు నెత్తిన మోయాలా?

నెల రోజుల హద్దుకు ప్రకటన అక్కర్లేదు

చాలామంది రైతులకు తెలియని విషయం ఒకటి వుంది. ప్రజల భద్రత కోసం ఏదైనా రోడ్డు మీద వేగాన్ని తగ్గించే అధికారం అదే 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన సంస్థకు వుంది. మామూలుగా అయితే గెజిట్‌లో ప్రకటించాలి. నెల రోజులకు మించని హద్దయితే ఆ ప్రకటన అవసరం లేదని చట్టంలోనే రాసి వుంది. బోర్డులు పెడితే చాలు.

మన కోతల జోరు ఒక్కో ఊళ్లో వుండేది ఎన్నాళ్లు? నెలకు అటూ ఇటూగా. ఆ నెల రోజులు కొనుగోలు కేంద్రాల ముందు, యార్డు మలుపుల్లో వేగం తగ్గించాలని అడగడంలో గొంతెమ్మ కోరిక ఏమీ లేదు. కోతలకు నెల ముందే గ్రామసభలో తీర్మానం చేసి, ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి వరకు తగ్గించాలో రాసి, జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పెద్ద కలెక్టరే. ఎస్పీకి, హైవే అధికారులకు చెరో ప్రతి పంపాలి. ఊరికే 'స్పీడు తగ్గించండి' అని రాస్తే కాగితం ఫైలులోనే వుండిపోతుంది. రాయి నంబరు, ప్రమాదాలు జరిగిన తేదీలు రాస్తే అధికారులు సమాధానం చెప్పాల్సి వస్తుంది.

మన వైపు తప్పులు లేవా?

వున్నాయి. దాచుకుంటే మనకే నష్టం. హైవే మీద ఒక లైను మొత్తం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్లటి పట్టాలు కప్పి పోతున్నాం. చీకట్లో నల్లరోడ్డు మీద నల్లపట్టా ఎవరికి కనిపిస్తుంది? కుప్పను గుద్ది పడిపోయేది కార్లవాళ్లు కాదు, చాలాసార్లు మన పక్క ఊరి మోటార్ సైకిల్ కుర్రాడే. కల్లాలు లేక ఆరబోస్తున్నామన్న మాట నిజమే. కల్లాల కోసం కొట్లాడాలి గానీ రోడ్డునే కల్లం చేయడం నేరం.

యూ టర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో వుందని రాంగ్ రూట్‌లో ట్రాక్టరు తోలడం ఇంకో తప్పు. పోయి రావడానికి నాలుగు కిలోమీటర్లు, పన్నెండు నిమిషాలు, కాస్త డీజిలు. నష్టమే. కానీ ఎదురెదురుగా వస్తే రెండు బండ్ల వేగం కలుస్తుంది. 100 కాస్తా 120 అవుతుంది.

ట్రాక్టరు రైతులు పాటించాల్సినవి

* ట్రాలీ వెనుక రెండు అంచులకూ ఎర్ర రేడియం స్టిక్కర్లు, పక్కలకు పసుపు స్టిక్కర్లు అతికించాలి. బురద పడితే తుడవాలి. పత్తి, గడ్డి లోడు వేలాడి స్టిక్కర్లను కప్పేయకుండా చూసుకోవాలి.
* ట్రాలీకి వెనుక లైట్లు, ఇండికేటర్లు పనిచేయాలి. వైరు తెగితే ఆ రోజే అతికించుకోవాలి.
* రోటావేటరు, కేజీ వీల్స్ తగిలించుకుని రాత్రిపూట హైవే ఎక్కొద్దు. వాటి వెడల్పు వెనుకవాళ్లకు తెలియదు.
* ఎడమ అంచునే పోవాలి. కుడికి తిరగాలంటే ముందుగానే ఇండికేటర్ వేసి, ఆగి చూసి తిరగాలి.
* చాలా ట్రాలీలకు బ్రేకులే వుండవు. ఆగేది ట్రాక్టరు ఒక్కటే. కాబట్టి లోడు మించొద్దు, దిగుడులో న్యూట్రల్ చేయొద్దు.
* బండి ఆగిపోతే రోడ్డు కిందికి దించాలి. వీలు కాకపోతే వెనుక యాభై అడుగులు కాదు, కనీసం యాభై మీటర్ల దూరంలో చెట్టు కొమ్మలతో పాటు మెరిసే త్రికోణం పెట్టాలి.
* ట్రాలీలో కూలీలను ఎక్కించొద్దు. ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర బీమా కంపెనీ పేచీ పెడుతుంది. ట్రాక్టరుతో పాటు ట్రాలీకి కూడా బీమా వుందో లేదో చూసుకోవాలి.
* డిసెంబరు, జనవరి మంచు వేళల్లో పొద్దెక్కాకే బయల్దేరాలి.

ప్రమాదం జరిగితే

జాతీయ రహదారుల మీద సహాయానికి 1033, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు తప్పక తీసుకోవాలి. నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు దరఖాస్తు వేసుకోవడం శ్రేయస్కరం. గుద్దిన బండి ఆగకుండా పోయి, అది ఎవరిదో తేలకపోయినా పరిహారం వుంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేల రూపాయలు ఇస్తారు. దీనికి ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. ట్రాలీకి లైటు లేదని తేలితే మాత్రం ట్రిబ్యునల్ పరిహారంలో కోత పడొచ్చు.

లక్షలు వచ్చినా మనిషి రాడు. ఆరు నెలలు చెమటోడ్చి పండించిన పంట యార్డుకు చేరకముందే రోడ్డు మీద పారబోసుకోవడం ఏ రైతుకూ రాకూడదు. కారు నడిపేవాళ్లు ఊరి దగ్గర ఎనిమిది నిమిషాలు ఓపిక పట్టాలి. అధికారులు ఆ నెల రోజులు బోర్డులు నిలపాలి. రైతు సోదరులు ఈ ఆదివారమే ట్రాలీ వెనుకకు పోయి రేడియం స్టిక్కరు వుందో లేదో చూసుకోవాలి. లేకపోతే యార్డుకు పోయే ముందు షాపుకు పోవాలి. జర పైలం!