వంద అడుగుల గాజుపూల తీగ

మన భాషలో గాజు అంటే గాజే, చేతికి వేసుకునేదీ గాజే. అందుకేనేమో, గాజు అనగానే గుప్పిట్లో ఇమిడే వస్తువే మనసులో మెదులుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో ‘చిహూలీ గార్డెన్ అండ్ గ్లాస్’ మ్యూజియంలోకి అడుగుపెడితే ఆ కొలతలన్నీ తారుమారైపోతాయి. అక్కడి అద్దాల మందిరం ఎత్తు 40 అడుగులు. దాని కప్పు నుంచి ఎరుపు, నారింజ, పసుపు రంగుల గాజుపూలు తీగలా సాగుతూ వేలాడతాయి. ఆ తీగ పొడవు 100 అడుగులు!

ఉద్యోగాల కోసం సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు 605 అడుగుల స్పేస్ నీడిల్ ముందు ఫొటో దిగకుండా తిరిగిరారు. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ గోపురం పక్కనే ఈ మ్యూజియం. ఒకప్పుడు పిల్లల ఆటల పార్కు ఉన్న చోట 2012 మే నెలలో తెరిచారు. మా తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మా నేనూ గోపురం కోసమే బయల్దేరాం. కానీ పూటంతా గడిచింది ఈ మ్యూజియంలోనే.

లోపల ఎనిమిది గదులు. ఒకదానిలో కప్పు మొత్తం గాజే. రంగురంగుల గాజు పళ్లాలు, శంఖాలు, గొడుగుల్లాంటి ఆకారాలు అద్దపు పలక మీద గుట్టగా పోసి, పైనుంచి దీపాలు వెలిగిస్తారు. కింద నిలబడితే గోడల మీదా, మన మొహాల మీదా రంగులు పడతాయి. అమ్మ మెడ పైకెత్తి చాలాసేపు చూసి, ‘‘ఏమే, ఇవన్నీ మనిషి నోటితో ఊదినవేనా?’’ అంది. అవును, ఊదినవే. ఈ మ్యూజియంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఆ మాటే.

ఒంటి కన్ను, దెబ్బతిన్న భుజం

ఈ గాజు లోకాన్ని సృష్టించిన కళాకారుడు డేల్ చిహూలీ 1941లో సియాటిల్‌కు దగ్గర్లోని టకోమాలో పుట్టాడు. 1957లో అన్న నౌకాదళ విమాన శిక్షణలో చనిపోయాడు. ఆ మరుసటేడే తండ్రి గుండెపోటుతో పోయాడు. కొడుకును పట్టుబట్టి కాలేజీకి పంపింది తల్లి వయోలా. ఆవిడకు పూలతోట అంటే ప్రాణం. మ్యూజియంలో ‘మిల్లె ఫియోరీ’ అనే గాజుతోట ఉంది. ఇటాలియన్‌లో ఆ మాటకు ‘వేయి పూలు’ అని అర్థం. అమ్మ పెంచిన తోట జ్ఞాపకాల్లోంచి మొలిచిందే అది.

గాజు పని అతను నేర్చుకున్నది అమెరికాలో. అయితే దాన్ని ఎలా చేయించాలో నేర్చుకున్నది మాత్రం 1968లో, వెనిస్ పక్కన మురానో దీవిలో. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ పాలకులు గాజు కొలిములన్నీ ఆ దీవికి తరలించారు. అక్కడ ఒక్కడే కూర్చుని గాజు చేయడు. ఒకరు ఊదితే ఒకరు తిప్పుతారు, మరొకరు వేడి ముద్ద అందిస్తారు. పెద్ద మేస్త్రీ చెప్పినట్టు అందరూ నడుచుకుంటారు. ఈ పద్ధతినే అతను ఇంటికి తెచ్చుకున్నాడు. 1971లో సియాటిల్‌కు ఉత్తరాన, చెట్ల మధ్య పిల్‌చక్ గాజు పాఠశాలను మొదలుపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

1976లో ఇంగ్లండులో కారు ప్రమాదం జరిగింది. ముందు అద్దం పగలగొట్టుకుని బయటపడ్డ చిహూలీ మొహానికి 256 కుట్లు పడ్డాయి. ఎడమ కంటి చూపు పోయింది. అప్పటినుంచి ఆ కంటికి నల్లటి పట్టీ. 1979లో సముద్రపు అలల్లో ఆడుతుంటే భుజం కీలు తప్పింది. ఆ తర్వాత ఊదుడు గొట్టం తనకు తానుగా పట్టుకోవడం మానేశాడు. బొమ్మలు గీసి, రంగులు చెప్పి, జట్టు చేత చేయించడం మొదలుపెట్టాడు.

ఈ క్రింద చెప్పే రికార్డుల్లాంటివన్నీ అతను గొట్టం వదిలాక వచ్చినవే. ఒక కళాకారుడి చెయ్యి ఆగిపోతే కళ ఆగిపోతుందని అనుకుంటాం. ఇక్కడ అతని చెయ్యి ఆగాకే గాజు కొండంత పెరిగింది.

ఎత్తులు, లెక్కలు

ఓక్లహామా సిటీ కళా మ్యూజియంలో 2002 నుంచి నిలబడి ఉన్న గాజు స్తంభం ఎత్తు 55 అడుగులు, అంటే అయిదంతస్తుల మేడంత. ఇండియానాపొలిస్ పిల్లల మ్యూజియంలో 2006లో పెట్టిన 43 అడుగుల స్తంభానికి 3,200 గాజు ముక్కలు పట్టాయి. దాని కింద కప్పులా పరిచినవి ఇంకో 1,600. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ద్వారం దగ్గర వేలాడే షాండ్లియర్ పొడవు 27 అడుగులు. లాస్‌వేగస్‌లో బెల్లాజియో హోటల్ ముందు హాలు కప్పు నిండా 2,000కు పైగా గాజుపూలు. సొంత ఊరు టకోమాలో 500 అడుగుల నడక వంతెన మీదా అతని గాజే. ఆ వంతెన మీద ఒక్క మండపం కప్పులోనే సముద్రజీవుల్లాంటి 2,364 గాజు ఆకారాలు ఇమిడ్చారు.

ఇంత బరువైన షాండ్లియర్‌ను ఎలా వేలాడదీస్తారు? లోపల ఉక్కు అస్థిపంజరం ఉంటుంది. కొమ్ములు, మెలికలు, బుడగలు దేనికవి విడిగా ఊది, ఒక్కొక్కటిగా ఆ ఉక్కుకు తీగతో కట్టుకుంటూ వస్తారు. ఒక్క ముక్క పగిలితే దాన్ని మారిస్తే సరిపోతుంది.

1996లో వెనిస్ కాలువల మీద, కూడళ్లలో 14 షాండ్లియర్లు వేలాడదీశారు. వాటి గాజును ఫిన్లాండు, ఐర్లాండు, మెక్సికో, ఇటలీ దేశాల కొలిముల్లో ఊదారు. ఫిన్లాండులోని నూటయార్విలో ఉన్నప్పుడు చిహూలీ వంతెన మీదనుంచి గాజు ముక్కల్ని నదిలోకి విసిరి, తేలుతాయో లేదో చూశాడు. ఊళ్లో కుర్రాళ్లు చెక్క పడవలేసుకుని వెళ్లి వాటిని ఏరి తెచ్చారు. గాజు నిండిన ఆ పడవలు చూసి అతనికి కొత్త ఆలోచన వచ్చింది. సియాటిల్ మ్యూజియంలో నల్లటి నేల మీద కనిపించే పడవల నిండా గాజు బంతులూ పూలూ ఉండడానికి మూలం అదే.

జెరూసలేంలోని పాత కోటలో 1999లో మొదలైన చిహూలీ ప్రదర్శనను పది లక్షల మందికి పైగా చూశారు. అక్కడ గాజుతో తృప్తి పడక, అలాస్కా నుంచి 64 టన్నుల మంచు దిమ్మెలు తెప్పించి కోట బయట గోడ కట్టించాడు. కొద్ది రోజుల్లోనే అదంతా కరిగి నీరైపోయింది. గాజును ఊదడం నేర్చిన మనిషి తొలి ఆనవాళ్లలో కొన్ని దొరికింది కూడా జెరూసలేంలోనే. అవి సుమారు రెండు వేల ఏళ్ల నాటివి.

మన నేల మీదా గాజుకు పాత చరిత్ర ఉంది. రేణిగుంట దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజు ముద్దను సన్నటి బోలు గొట్టంగా లాగి, ముక్కలు చేసి పూసలు తయారుచేసేవారు. సముద్రాలు దాటి వెళ్లిన పురాతన పూసల పద్ధతి అదే. సియాటిల్‌లో ఆ వంద అడుగుల తీగ కింద నిలబడి ఆవగింజంత పూసను తలుచుకోవడం నాకు గర్వంగానే అనిపించింది.

కొలిమి దగ్గర

మర్నాడు టకోమా వెళ్లాం. అక్కడి గాజు మ్యూజియంలో 90 అడుగుల ఎత్తున, కాస్త వాలుగా నిలబెట్టిన ఉక్కు శంకువు ఉంది. దాని కింద ప్రేక్షకులు మెట్ల మీద కూర్చుని చూసేలా కొలిమి ఏర్పాటు చేశారు.

ఒకమ్మాయి గొట్టం చివరన తేనెలా జారుతున్న ముద్దను తీసుకొచ్చింది. బల్ల మీద దొర్లించింది. ఒకతను గొట్టం ఇంకో చివర నోరు పెట్టి ఊదాడు. నిమ్మకాయంత బుడగ లేచింది. తిప్పడం ఆపితే గాజు కిందికి కారిపోతుంది కాబట్టి గొట్టం క్షణం కూడా ఆగలేదు. తడిపిన న్యూస్‌పేపర్ మడతను అరచేతిలో పెట్టుకుని మేస్త్రీ ఆ బుడగను నిమిరాడు. పొగ లేచింది, కాగితం కాలిన వాసన మా దాకా వచ్చింది. మళ్లీ కొలిమిలోకి, మళ్లీ బల్ల మీదికి. అరగంటకు బుడగ కూజా అయింది. చివర్లో ఒక దెబ్బ కొట్టగానే గొట్టం నుంచి విడిపోయింది. పొడవాటి చేతితొడుగులు వేసుకున్న కుర్రాడు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకుంటూ పరుగెత్తాడు. ఒక్కసారిగా చల్లబడితే పగిలిపోతుంది. అందుకని వేడిగా ఉన్న పెట్టెలో పెట్టి తలుపు మూశాడు. రాత్రంతా నెమ్మదిగా చల్లారాక గానీ బయటికి తీయరట.

జనం లేచి వెళ్లిపోతున్నారు. అమ్మ మాత్రం ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

‘‘రేపు ఎన్నింటికి తీస్తారో కనుక్కోవే’’ అంది.