రేపటి బలశాలిని బరువు మిషన్ చెప్పదు

మీ అబ్బాయి ఎనిమిదో తరగతికే డెబ్భై కిలోలు దాటాడా? ఇంటికొచ్చిన బంధువులు బుగ్గ గిల్లి ‘ఏరా సుమో’ అంటున్నారా? లేదంటే పక్కవీధి అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్‌లో రాష్ట్రస్థాయికి వెళ్లిందని తెలిసి, మన పిల్లనీ పంపుదామా, పంపితే ఎత్తు ఎదగదేమో అని మీరూ మీ ఇంట్లోవాళ్లూ తర్జనభర్జన పడుతున్నారా? ఉక్కునగరం సెక్టార్ల నుంచీ, కూర్మన్నపాలెం, గాజువాకల నుంచీ ఓపీకి వచ్చే తల్లిదండ్రులు ఈ రెండు ప్రశ్నలూ తరచూ అడుగుతుంటారు. ఒకరికి బరువు ఎక్కువైందన్న బెంగ, ఇంకొకరికి బరువులెత్తితే ఏమవుతుందోనన్న బెంగ. రెండు ఇళ్లలోనూ అందరి చూపూ బరువు మిషన్ మీది అంకె మీదే ఉంటుంది. ఎదిగే పిల్లల్లో అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు సుమో సంగతి. మన దగ్గర ఆ మాటంటే మొదట గుర్తొచ్చేది టాటా వారి బండి. దానికి ఆ పేరు మల్లుల వల్ల రాలేదు, ఆ కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాల నుంచి వచ్చింది. జపాన్ సుమోలో ఆరు మెట్లుంటాయి. అట్టడుగున జోనోకుచి, ఆపైన జోనిదాన్, సందాన్మె, మకుషిత, జూర్యో, అన్నిటికంటే పైన మకుఉచి. మొత్తం సుమారు ఆరువందల మందిలో పై రెండు మెట్ల మీదున్న 70 మందికే నెలజీతం. మిగతా కుర్రాళ్లు శిక్షణశాలలోనే ఉంటూ, ఊడ్చి, వండి, వడ్డించి, పెద్దవాళ్లు తిన్నాక తింటారు. పొద్దున ఖాళీ కడుపుతో కసరత్తు. మధ్యాహ్నం మాంసం, చేపలు, కూరగాయలు కలిపి ఉడికించిన చాంకో అనే కుండకూరతో కడుపునిండా అన్నం. ఆ వెంటనే నిద్ర. ఇందులో బరువు తరగతులు లేవు. నూరు కిలోలవాడి ఎదుట నూటఎనభై కిలోలవాడు నిలబడొచ్చు. అందుకే కింది మెట్ల కుర్రాళ్లకు బరువు పెంచాలన్న ఆత్రం.

ఆ ఆత్రం ఎవరిని పైకి తీసుకెళ్లింది? ఈమధ్య అక్కడ అందరి నోటా వినిపిస్తున్న పేరు అవోనిషికి. యుద్ధం వల్ల ఉక్రెయిన్ వదిలి జపాన్ చేరిన కుర్రాడు. 2023లో అట్టడుగు జోనోకుచి నుంచి మొదలై 2025 నవంబరుకల్లా పై మెట్టు టైటిల్ గెలిచేశాడు. అతని బరువు నూటనలభై కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మనకది చాలా ఎక్కువే గానీ, ఆ పై మెట్టు సగటు కంటే తక్కువ. అతన్ని నిలబెట్టింది నడుము వంచి కిందికి ఉండే భంగిమ, కాళ్ల పట్టు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2020 మే నెలలో షోబుషి అనే 28 ఏళ్ల సందాన్మె మల్లుడు కోవిడ్‌తో చనిపోయాడు. అతనికి అప్పటికే షుగర్ ఉంది. తెరునోఫుజి కథ ఇంకా ఆలోచించదగ్గది. 2015లోనే రెండో అత్యున్నత హోదా ఓజెకి అందుకున్నవాడు, మోకాళ్ల గాయాలతో, షుగర్‌తో జారుతూ 2019 మార్చిలో కింది నుంచి రెండో మెట్టు జోనిదాన్‌లో తేలాడు. అంత పైకి వెళ్లినవాడు అంత కిందికి పడి తిరిగి రావటం ఆ ఆటలో అంతకుముందు లేదు. అతను వచ్చాడు. 2020 జులైలో టైటిల్ గెలిచి, 2021లో యోకోజునా అయ్యాడు. జోనిదాన్‌లో అతన్ని చూసినవాళ్లలో ఎందరు ఆ మాట ముందే చెప్పగలిగేవారు?

వైద్యుడిగా నాకు సుమోలో ఆసక్తి కలిగించేది కొవ్వు చేరే చోటు. రోజూ గంటల తరబడి కసరత్తు చేసే మల్లుల్లో కొవ్వు ఎక్కువగా చర్మం కిందే ఉంటుంది. కాలేయం, పేగుల చుట్టూ చేరేది తక్కువ. షుగర్, బీపీ, గుండెజబ్బుల్ని తెచ్చిపెట్టేది ఈ లోపలి కొవ్వే. కసరత్తు ఆపేసి తిండి అలాగే కొనసాగిస్తే అది లోపలికి చేరటం మొదలవుతుంది. మీ అబ్బాయి ఏ కసరత్తూ లేకుండా, ఫోను చూస్తూ, చిప్స్ తింటూ డెబ్భై కిలోలు అయ్యాడంటే అతను సుమో కాదు. సుమోవాడి తిండి మాత్రమే వాడికి వచ్చింది.

దీన్ని ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదు. 150 సెంటీమీటర్ల పిల్లాడికి 75 దాటితే ఆలోచించాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, ముఖమల్ గుడ్డలా మందంగా మారిందేమో చూడండి. మురికి అనుకుని సున్నిపిండితో, సబ్బుతో రుద్దే తల్లులు ఎందరో. రుద్దితే పోయేది కాదు అది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయటం లేదనే సంకేతం. అలాంటి పిల్లలకు పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించాలి. పరగడుపున 100 నుంచి 125 మధ్య, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడితే అదీ డాక్టరుకు చెప్పండి. ఇంకొక్క మాట. లావు జబ్బకు చిన్న పట్టీ కట్టి బీపీ చూస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పెద్ద సైజు పట్టీతో చూడమని అడగటానికి మొహమాటపడకండి.

ఇక బరువులెత్తే పిల్లల దగ్గరికి వద్దాం. బలం ఉత్తరాంధ్రకు కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. కలియుగ భీముడన్నారు. శాకాహారి కూడా. పిండి డబ్బాలు కొనకపోతే కండ రాదని దిగులుపడే కుర్రాళ్లు బీచ్‌రోడ్డులో ఆయన విగ్రహం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో బరువులెత్తటం మొదలుపెట్టింది. చిన్నప్పుడు బక్కగా, బలహీనంగా ఉన్నావంటూ తనను మొదట వద్దన్నారని ఆమే చెప్పుకుంది. ఆ బక్కపిల్ల 1994, 1995 ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో స్వర్ణాలు తెచ్చింది. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యింది. అయిదేళ్లలో ఆమె పోటీపడిన విభాగం ఎంత మారిందో చూడండి. కింది స్థాయిలో ఉన్న పిల్లను ‘నువ్వెప్పటికీ 49 కిలోలే ఉండాలి’ అని కట్టడి చేసే పెద్దలకు ఈ అంకెలు చూపించాలని నాకు అనిపిస్తుంటుంది.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు మీరు వినే ఉంటారు. ఇంటికో వెయిట్‌లిఫ్టర్ అన్నంతగా పేరుపడ్డ ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. కొద్ది రోజులకే అది రజతమయ్యింది. కారణం, స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోవటం. ఆమె వయసు పదహారేళ్లు. దొరికినవి ఏ వింత స్టెరాయిడ్లో కావు. అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్. రెండూ మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు.

ఇక్కడ కాస్త ఆగి, మీ ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి. తాతయ్యగారి బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉందా? అలాంటి చాలా మాత్రల్లో ఉండేది ఈ హైడ్రోక్లోరోథయజైడే. పెద్దవాళ్లకు అది మంచి మందే, మేమే రాస్తాం. పోటీలకు వెళ్లే పిల్లలకు మాత్రం అది పోటీల రోజుల్లోనే కాదు, ఏడాది పొడవునా నిషిద్ధం. ఒంట్లో నీరు తీసేసి బరువు తగ్గించటానికీ, వేరే మందుల జాడ మూత్రంలో పలచబడటానికీ దీన్ని వాడతారు కాబట్టి. ఎవరో సీనియర్ ‘ఒక్క మాత్ర వేసుకో, కిలోన్నర దిగుతుంది’ అంటే, ఆ మాత్ర మీ ఇంటి అలమరలోనే దొరుకుతుంది.

సుమోలో పెంచటం, ఇక్కడ తగ్గించటం. ఆత్రం ఒక్కటే. ఎత్తు చాలక నెత్తి మీద చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని 1990లో సుమోలోకి వచ్చిన మైనౌమి అనే మల్లుడున్నాడంటే మీరు నమ్మాలి. తర్వాత అలా చేయటాన్ని అక్కడ నిషేధించారు. మన పిల్లలు చేసేది దానికి తిరగేసిన పని. పోటీకి రెండు రోజుల ముందు నుంచి నీళ్లు మానేస్తారు. రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరిగెడతారు. ఉమ్మి ఊస్తూ తిరుగుతారు.

స్టీల్‌ప్లాంట్ కుటుంబాలకు దీన్ని వివరించటం తేలిక. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మనవాళ్లు ఎంత చల్లటి పేర్లు పెట్టుకున్నా, ఆ బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర ఒక షిఫ్టు చేసి వచ్చిన మనిషికి తెలుసు, చెమటలో పోయేది నీరొక్కటే కాదని. సోడియం పోతుంది. నీటిమాత్ర వేస్తే పొటాషియమూ పోతుంది. పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. ఒంటి వేడి తగ్గే దారి మూసుకుపోయి, గుండె లయ తప్పితే ప్రాణానికే ముప్పు. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో బరువు చూసే నిబంధనలు మార్చారు. పైగా వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువు చూసేది పోటీకి రెండు గంటల ముందే. అంత తక్కువ వ్యవధిలో పోయిన నీరంతా తిరిగి రాదు. నీరు లేని కండ బరువెత్తదు. ఒక విభాగం పైకి వెళ్లి, తిని, తాగి పోటీపడటం చాలామంది పిల్లలకు మేలు.

ఎత్తు ఎదగదన్న భయం గురించి ఒక్క ముక్క. తెలిసిన కోచ్ పర్యవేక్షణలో, ముందు ఖాళీ కడ్డీతో పద్ధతి నేర్చుకుని, మెల్లగా బరువు పెంచుకుంటూ పోయే పిల్లల ఎత్తు తగ్గుతుందనటానికి ఆధారం లేదు. పొట్టివాళ్లు ఈ ఆటలో రాణిస్తారు కాబట్టి ఆట పొట్టి చేసిందనుకుంటాం. ఎత్తును నిజంగా దెబ్బతీసేవి చాలని తిండి, చాలని నిద్ర.

మరి ఈ పిల్లల్లో ఎవరి మీద ఆశ పెట్టుకోవచ్చు? మెడల్స్ పట్టిక నేను చూడను. పొద్దున మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి, ముదురు టీ డికాషన్‌లా ఉండకూడదు. తొమ్మిది గంటలు నిద్రపోవాలి. ఏడాదికేడాది ఎత్తు పెరగాలి. ఆడపిల్లకు నెలసరి క్రమంగా రావాలి. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోయినా, వరసగా మూడు నెలలు నెలసరి తప్పినా, ‘ఆటల పిల్ల కదా, అంతేలే’ అని ఊరుకోకండి. చేసే కసరత్తుకు తినేది చాలటం లేదని ఒళ్లు చెబుతున్న మాట అది. అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12కు తగ్గకూడదు, పదిహేను దాటిన మగపిల్లలకు 13కు తగ్గకూడదు. నడుం వెనక్కి వంచితే వచ్చే నొప్పి రెండు మూడు వారాలు తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి. వెన్నుపూసలో సన్నటి చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది, పిల్ల నటిస్తోంది’ అనే తీర్పు ఎన్ని ఇళ్లలో విన్నానో!

తిండికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కఠినమైన సాధన చేసే పిల్లలకు కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల దాకా ప్రొటీన్ సరిపోతుంది. యాభై కిలోల పిల్లకు 75 గ్రాములు. రోజు మొత్తంలో రెండు గుడ్లు, పెసరట్టు, పప్పు, పెరుగు, పాలు, చేతికొచ్చిన చేప, గుప్పెడు వేరుశనగలతో అందులో చాలా భాగం వచ్చేస్తుంది. మన తీరంలో కానాగంతలు, కవ్వళ్లు ఉండగా డబ్బా పొడి దేనికి? ఉదయం సాధనకు ముందు చోడి అంబలి మంచిది. జిమ్‌లో ఎవరో ఇచ్చే పేరూ ఊరూ లేని డబ్బాల్లో లేబుల్ మీద రాయని స్టెరాయిడ్లు ఉండే ప్రమాదం ఉంది. దొరికాక ‘తెలియక తాగాను’ అంటే డోపింగ్ నిబంధనలు ఒప్పుకోవు.

జ్వరం, దగ్గు అని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందుల షాపులో అడిగి కొన్నా, ‘మా అమ్మాయి పోటీలకు వెళ్తుంది’ అని మొదటి మాటగా చెప్పండి. మీరు చెప్పకపోతే మాకు తెలియదు. నిషేధిత జాబితాలోని మందు తప్పనిసరిగా వాడాల్సిన జబ్బు ఉంటే ముందుగా అనుమతి కోరే పద్ధతి ఉంది. దానికి డాక్టరు రాసిన కాగితాలన్నీ దాచి ఉంచుకోవాలి. పోటీ రోజున బరువు చూడటం అయిపోగానే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి, రెండు ఇడ్లీలో అరటిపండో పెట్టండి. నూనె వంటలు, బిర్యానీ పోటీ అయ్యాకే.