దెబ్బ తగలకుండానే మెడకు గాయం: విప్‌లాష్ ఎలా జరుగుతుంది?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ మీదుగా వెళ్లే డైమండ్ హార్బర్ రోడ్డులో బస్సులు, టాక్సీలు, లారీలు ఆగుతూ కదులుతూ సాగుతుంటాయి. అలాంటి రద్దీలో ఆగి ఉన్న టాక్సీని వెనుక నుంచి మరో బండి గుద్దిందనుకుందాం. బంపర్‌కు చిన్న సొట్ట పడింది, అంతే. లోపల కూర్చున్న వ్యక్తికి ఎక్కడా దెబ్బ తగల్లేదు. కానీ మర్నాడు లేచేసరికి మెడ తిప్పలేకపోతున్నాడు. ఈ గాయమే విప్‌లాష్. కొరడా ఝళిపించినట్టు మెడ కదలడం వల్ల ఆ పేరు వచ్చింది.

తల వెనక్కి విసిరినట్టు మనకు అనిపిస్తుంది. నిజానికి ముందు కదిలేది తల కాదు, మొండెం. సీటు వీపును ముందుకు నెడుతుంది. దాదాపు 5 కిలోల తల జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ రెండింటి మధ్య నలిగేది మెడ.

చిన్న లెక్క చూద్దాం. 0.1 సెకనులో వేగం గంటకు 10 కిలోమీటర్లు పెరిగితే, సగటు త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 2.8 రెట్లు. అంతే సమయంలో తల కూడా ఆ వేగాన్ని అందుకోవాలంటే సుమారు 14 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. ఆసరా లేకపోతే ఆ భారమంతా మెడదే.

ఆ క్షణంలో మెడలోని 7 వెన్నుపూసలు ఒకే తీరుగా వంగవు. కింది పూసలు వెనక్కి, పై పూసలు ముందుకు వంగి, మెడ ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా మారుతుంది. దీంతో పూసల వెనుకనున్న చిన్న కీళ్లు నొక్కుకుపోవచ్చు, వాటి చుట్టూ ఉన్న పొర సాగవచ్చు. కండరాలు పూర్తిగా బిగుసుకునేలోపే ఇదంతా జరిగిపోతుంది. ఇలాంటి మెత్తని కణజాల గాయాలు ఎక్స్‌రేలో కనిపించవు. అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు.

అందుకే హెడ్‌రెస్ట్ తల వాల్చుకునే దిండు కాదు, రక్షణ సాధనం. దాని పైఅంచు నడినెత్తి ఎత్తులో ఉండాలి. తలకూ దానికీ మధ్య ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది. కిందికి దించి వదిలేస్తే అది మెడను కాపాడలేదు.

చాలామంది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటారు. ఎముక విరగలేదని డాక్టరు నిర్ధారించాక, రోజుల తరబడి కాలర్ వేసుకోవడం కంటే మెడను మెల్లగా కదిలించడమే మేలు. చేతుల్లో తిమ్మిరి, బలహీనత, తీవ్రమైన తలనొప్పి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.