దుబాయ్ కాయిన్, బ్లాక్‌చెయిన్, ఒక పద్దుపుస్తకం

2021 మేలో 'దుబాయ్ కాయిన్' పేరు ఇంటర్నెట్‌లో మారుమోగింది. దుబాయ్ ప్రభుత్వమే తెచ్చిన నాణెమని ప్రచారం. మే 27న దుబాయ్ మీడియా ఆఫీసు తేల్చి చెప్పింది: దాన్ని ఏ అధికారిక సంస్థా ఆమోదించలేదు, ఆ వెబ్‌సైటు జనం వివరాలు కాజేయడానికి పన్నిన వల అని.

జనం నమ్మారంటే వింతేం లేదు. 2016లోనే దుబాయ్ తన బ్లాక్‌చెయిన్ వ్యూహం ప్రకటించింది. 2018లో యుఎఇ ప్రభుత్వం, 2021 కల్లా సగం ప్రభుత్వ లావాదేవీలు అందులోకి మార్చాలనుకుంది. వీళ్ళు మాట్లాడింది వీసా దరఖాస్తులు, బిల్లులు, లైసెన్సుల గురించి. చాలామంది చెవికి మాత్రం బిట్‌కాయిన్ అనే వినబడింది.

బ్లాక్‌చెయిన్ ఒక పద్దుపుస్తకం, అంతే. అది షావుకారు ఒక్కడి దగ్గరే ఉండదు, వీధిలో అందరి దగ్గరా ఒకే ప్రతి ఉంటుంది. ప్రతి పేజీ మీదా ముందు పేజీ వేలిముద్ర ఉంటుంది కాబట్టి, పాత అంకె ఒక్కటి దిద్దినా తర్వాతి పేజీలేవీ పొసగవు. బిట్‌కాయిన్ అలాంటి ఒక పుస్తకంలో రాసుకునే లెక్క. (తమాషా ఏమిటంటే, 2008 నాటి బిట్‌కాయిన్ పత్రంలో 'బ్లాక్‌చెయిన్' అన్న మాటే లేదు!)

'దిద్దలేనిది' అంటే 'నిజమైనది' అనుకోవడం ఇంకో పేచీ. దొంగ దస్తావేజు ఎక్కిస్తే అది దొంగదిగానే పదిలంగా ఉంటుంది.

2022 నుంచి దుబాయ్‌లో క్రిప్టో వ్యాపారాలకు (డిఐఎఫ్‌సి తప్ప) లైసెన్సులిచ్చేది 'వారా'. కరామాలో మీ గదికొచ్చి ఎవరైనా "గవర్నమెంటుదే అన్నా, బ్లాక్‌చెయిన్ మీదుంది" అంటే, పర్సు తీసేముందు వారా వెబ్‌సైటులోని జాబితాలో ఆ పేరుందేమో చూడండి.