జిల్లా పరిషత్ బడిలో జిల్లా మాట ఎంత?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కాస్త పెద్ద ఊరు ఏదైనా సరే, అక్కడ ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అన్న బోర్డు కనిపిస్తుంది. 1959 నాటి చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ఊరి బాగోగులు ఊరికి దగ్గరగా ఉన్నవాళ్లే చూసుకోవాలన్నది అప్పటి ఉద్దేశం. బడి విషయంలో ఇప్పుడు బోర్డు మీద పేరు తప్ప ఆ ఉద్దేశం పెద్దగా మిగల్లేదు. పాఠ్యపుస్తకం, బోధనా మాధ్యమం, టీచర్ల బదిలీలు, మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఏం వండాలన్నది, అన్నీ రాజధానిలోనే తేలుతాయి. అమెరికాలో తీరు వేరు. అక్కడ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు దాదాపు 13 వేలున్నాయి. చాలాచోట్ల స్థానికులు ఎన్నుకున్న బోర్డు తమ బడుల లక్ష్యం ఏమిటో రాసి ప్రకటిస్తుంది. అందులో చాలావరకు తియ్యటి మాటలే, ఒప్పుకోవాలి. అయినా ‘ఇలా రాశారు కదా, చేశారా?’ అని నిలదీయడానికి అక్కడ ఒక గడప ఉంది. మన జిల్లాకూ అలాంటి రాత ఒకటి కావాలని నా వాదన.

జిల్లాకే ఎందుకంటే, ఈ ప్రాంతం ఒక్క తీరుగా లేదు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. కుప్పం పిల్లల చెవిన తమిళమూ కన్నడమూ రెండూ పడుతుంటాయి. పడమటి మండలాల్లో పాడి, టమాటా మీద బతికే ఇళ్లున్నాయి. తిరుపతిలో యాత్రికుల మీద నడిచే బతుకులు వేరు, శ్రీసిటీ కంపెనీల చుట్టూ ఉన్నవి వేరు. వీళ్లందరికీ ఒకే ఉత్తర్వు వస్తుంది, అదీ నిలవదు. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి అన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022లో 117 నంబరు జీవో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించే దారి తెరిచింది, తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఏది మంచిదన్న చర్చ అలా ఉంచండి. ఈ మార్పుల్లో ఏ ఒక్కదానికైనా ముందు కొండ పక్క పల్లెలో తల్లిదండ్రులను ఎవరు అడిగారు?

స్థానికంగా ఆలోచిస్తే ఏం వస్తుందో చూపించే ఉదాహరణ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అనగానే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన, ఫీజులు భరించగలవాళ్ల పిల్లలు చదివే స్కూలు గుర్తొస్తుంది. నేను చెప్పేది దాని చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల గురించి. ఒకే గది, రకరకాల వయసుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పడం అక్కడ కుదరదు. అందుకే పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారుచేశారు. ఎక్కడ ఆగిన పిల్ల అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నాలుగు రోజులు కోతలకు వెళ్లొచ్చినా వెనకబడిపోయినట్టు కాదు. ఈ పద్ధతి చూసి వెళ్లిన మైసూరు జిల్లా టీచర్ల చేతిలో 1995లో ‘నలి కలి’ అనే బోధనా విధానం పుట్టింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకూ మూలం ఇక్కడే. ఒక పల్లె అవసరంలోంచి వచ్చిన ఆలోచన రెండు పొరుగు రాష్ట్రాల సర్కారు బడులకు పనికొచ్చింది.

స్థానికులకు అధికారమిస్తే బడిలోకి ఊరి రాజకీయం దూరుతుందని భయపడేవాళ్లున్నారు. నిజమే, దూరుతుంది. అమెరికా బోర్డుల్లోనూ ఏ పుస్తకం ఉండాలి, ఏది పోవాలి అని కొట్లాటలు జరుగుతూనే ఉన్నాయి. కానీ రాజధాని నుంచి వచ్చే ఉత్తర్వులు మాత్రం రాజకీయం లేకుండా వస్తున్నాయా? ఇంకొక అభ్యంతరం దీనికన్నా గట్టిది: జిల్లాకో దారి అయితే పేద జిల్లా పిల్లలు నష్టపోతారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. అందుకే నిధులు, టీచర్ల నియామకం, పరీక్షలు రాష్ట్రం చేతిలోనే ఉండాలి. జిల్లా రాసుకోవాల్సింది వాటి తర్వాతి సంగతి: మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా తడుముకోకుండా చదవాలా, ఇంటి భాషకు మొదటి రెండేళ్లు ఎంత చోటివ్వాలి, సరిహద్దు బడుల్లో తమిళం ఏం కావాలి అన్నవి. చదువురాని తల్లిదండ్రులకు ఇవేం తెలుస్తాయనే మాట మాత్రం నాకు సబబుగా తోచదు. బిడ్డకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తల్లికి డిగ్రీ అక్కర్లేదు.

జిల్లా ఇలా రాసుకోవడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే పని ఆ కమిటీదే. జిల్లా రాతకు మొదలు అక్కడే. మీ ఊరి బడి కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. ఆ ప్రణాళిక ఒకసారి చూపించమని హెడ్మాస్టరును అడగండి.