నిజామాబాద్ హౌస్ సర్జన్లు: అపోహలు – వాస్తవాలు

హౌస్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ చివరి పరీక్ష పాసై, ఆసుపత్రిలో ఏడాది పాటు తప్పనిసరి శిక్షణ పొందుతున్న డాక్టరు. నాలుగున్నరేళ్ల చదువుకు ఈ ఏడాది కలిస్తేనే ఐదున్నరేళ్ల కోర్సు పూర్తయినట్టు. పేరు బ్రిటిష్ వాళ్లది. ఆసుపత్రి ఆవరణలోనే ఉంటూ రాత్రీపగలూ వార్డు కనిపెట్టుకుని ఉండే కుర్ర డాక్టర్లను అక్కడ అలా పిలిచేవారు. ఇప్పుడు అక్కడ ఫౌండేషన్ డాక్టర్ అంటున్నారు. తెలుగునాట కాగితాల్లో ఇంటర్న్ అని ఉన్నా, వార్డులో నోటికొచ్చే మాట మాత్రం ఇంకా హౌస్ సర్జనే.

నిజామాబాద్‌కు ఈ మాట అలవాటై ఎంతో కాలం కాలేదు. ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలో తొలి బ్యాచ్ 2013లో చేరింది. జిల్లా కేంద్ర ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారింది. ఆ తొలి బ్యాచ్ పిల్లలు ఫైనలియర్ గట్టెక్కాకే పెద్దాసుపత్రికి సొంత హౌస్ సర్జన్లు వచ్చారు. అంతకుముందు పెద్ద కేసు అంటే హైదరాబాద్ దారి పట్టడమే, గాంధీకో ఉస్మానియాకో. ఇప్పుడు బోధన్, ఆర్మూరు, బాన్సువాడ వైపు నుంచే కాదు, సరిహద్దు అవతలి ధర్మాబాద్, నాందేడ్ ప్రాంతాల నుంచీ రోగులు నిజామాబాద్‌కు వస్తారు. వాళ్లను చాలాసార్లు ముందుగా పలకరించేది ఈ కుర్ర డాక్టరే. ఆ డాక్టరు గురించి జనంలో ఉన్న అభిప్రాయాల్లో సగమే నిజం.

అపోహ: వీళ్లు చదువుకునే పిల్లలే, డాక్టర్లు కారు.

హౌస్ సర్జన్ పరీక్షలన్నీ పాసై, రాష్ట్ర వైద్య మండలిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ పొందాకే వార్డులో అడుగుపెడతారు. ఆ రిజిస్ట్రేషన్‌తో శిక్షణ ఇస్తున్న ఆసుపత్రిలో, పై డాక్టర్ల పర్యవేక్షణలో మాత్రమే వైద్యం చేయవచ్చు. సొంతంగా బోర్డు పెట్టుకోవడానికి అది చెల్లదు.

దీనికి సరిగ్గా ఎదురైన అపోహ కూడా ఉంది. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు కనబడగానే పూర్తి అధికారాలున్న డాక్టరనుకుని, 'సారూ, జర సెలవు కాగితం రాసియ్యరాదు' అని అడిగేవారు రోజూ ఉంటారు. జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం హౌస్ సర్జన్ తన సంతకంతో మెడికల్ సర్టిఫికెట్‌గానీ, మరణ ధ్రువపత్రంగానీ, పోలీసు కేసుకు సంబంధించిన పత్రంగానీ ఇవ్వకూడదు. కాదన్నందుకు పొగరనుకునే వారున్నారు. నిజానికి కాదనడమే ఆ డాక్టరు బాధ్యత.

ఆడపిల్లల విషయంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. రాత్రంతా పక్కన నిలబడి వైద్యం చేసిన హౌస్ సర్జన్‌ను తెల్లారి 'సిస్టర్' అని పిలిచి, అప్పుడే లోపలికొచ్చిన మగ విద్యార్థిని 'డాక్టర్ సాబ్' అనడం వార్డుల్లో సర్వసాధారణం. నర్సు పని తక్కువదేమీ కాదు. అయితే తన డాక్టరెవరో తెలియని రోగి, అడగాల్సిన ప్రశ్నను అడగాల్సిన మనిషిని అడగలేడు.

అపోహ: సర్జన్ అంటే ఆపరేషన్లు చేసే డాక్టరు.

ఈ ఏడాదిలో ఆపరేషన్ థియేటర్ వాటా చిన్నది. 2021 నిబంధనల లెక్కలో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలు, ప్రసూతి విభాగానికి 7, జనరల్ మెడిసిన్‌కు 6, జనరల్ సర్జరీకి 6, పిల్లల విభాగానికి 3. మిగతా వారాలు ఎముకలు, కళ్లు, చెవి-ముక్కు-గొంతు, మానసిక వైద్యం, క్యాజువాలిటీ వంటి వాటికి పోతాయి. థియేటర్‌లో కూడా పక్కన నిలబడి సాయం చేయడం, చిన్న గాయాలకు కుట్లు వేయడం, డ్రెస్సింగులు, అంతవరకే. పెద్ద ఆపరేషన్ చేసేది అర్హత గల సర్జన్లే.

అపోహ: వీళ్ల పని రక్తాలు తీయడం, రిపోర్టుల కోసం తిరగడం. ఇందులో నేర్చుకునేదేముంది?

రక్తం తీయడం చూడ్డానికి చిన్న పని. ఊదా మూత సీసాలో పోసిన రక్తం గడ్డకట్టకూడదు, ఎర్ర మూత సీసాలోది గడ్డకట్టాలి. నీలం మూత సీసాను గీత దాకా నింపాలి. అందులోని ద్రవం ఒక వంతైతే రక్తం తొమ్మిది వంతులుండాలి. తక్కువ పోస్తే రక్తం గడ్డకట్టే సమయం తప్పుగా వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తం ఎక్కించే ముందు క్రాస్‌మ్యాచ్‌కు పంపే సీసా మీద ఒకరి పేరుకు బదులు మరొకరి పేరు పడితే ప్రాణమే పోవచ్చు. అందుకే మంచి యూనిట్లలో సీసా మీద పేరు రాయడం మంచం దగ్గరే జరగాలని, బల్ల దగ్గరకు వెళ్లాక కాదని మొదటి రోజే నూరిపోస్తారు.

ఈ చిన్న పనుల్లోనే పెద్ద చదువు ఉందనడానికి పాముకాటు మంచి ఉదాహరణ. వానాకాలం చెరకు తోటల్లో, పొలం గట్ల మీద కాటు పడిన మనిషి క్యాజువాలిటీకి రాగానే హౌస్ సర్జన్ రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత గొట్టాన్ని వంచి చూడాలి. రక్తం నీళ్లలా పారితే రక్తపింజర వంటి పాము విషం ఒంట్లోకి ఎక్కినట్టు. సబ్బుతో కడిగిన గొట్టమైనా, ప్లాస్టిక్‌దైనా ఫలితాన్ని నమ్మడానికి లేదు. కట్లపాము కాటైతే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. నేల మీద పడుకున్న మనిషిని అది నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వచ్చిన రోగి కనురెప్పలు వాలిపోతున్నాయని గమనించే కన్ను పుస్తకంతో రాదు, మంచం పక్కన నిలబడితేనే వస్తుంది.

పురుగుల మందు తాగిన కేసు హౌస్ సర్జన్‌కు మరో బడి. ఆర్గనోఫాస్ఫేట్ మందైతే ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, నోట నురగ వస్తుంది, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. విరుగుడు అట్రోపిన్. మొదటి మోతాదుకు దిగకపోతే అయిదు పది నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోవాలి. ఎక్కడ ఆపాలి? పాప పెద్దదైందని ఆపితే పొరపాటు. స్టెతస్కోపు వీపు కింది భాగాన పెడితే గరగర తగ్గాలి, నాడి నిమిషానికి 80 దాటాలి, చంకలో చెయ్యి పెడితే పొడిగా తగలాలి. రాత్రి రెండు గంటలకు ఒక కుర్ర డాక్టరు మాటిమాటికీ రోగి చంక తడిమి చూస్తుంటే బయట నిలబడ్డ బంధువులకు ఏం చేస్తున్నారో అర్థం కాదు. మోతాదు ఎక్కువైతే రోగి పిచ్చిగా మాట్లాడుతూ సెలైన్ సూది పీకేస్తాడు. తక్కువైతే ఊపిరి నిలవదు. ఆ రెండింటి మధ్య రోగిని తెల్లారేదాకా నిలబెట్టడమే వైద్యం.

అపోహ: ప్రభుత్వాసుపత్రిలో చిన్న డాక్టర్లు రోగుల మీద ప్రయోగాలు చేసి నేర్చుకుంటారు.

ఖలీల్‌వాడిలోని ప్రైవేటు ఆసుపత్రులకు అప్పు చేసైనా పోయేవారిలో చాలామంది చెప్పే కారణం ఇదే. బోధనాసుపత్రిలో ప్రతి మంచం ఒక యూనిట్ కిందికి వస్తుంది. యూనిట్‌కు చీఫ్ ఉంటారు, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, తర్వాత సీనియర్ రెసిడెంట్, పీజీలు ఉంటే వాళ్లు, అందరికన్నా కింద హౌస్ సర్జన్. మొదట చూసేది కింది మనిషి, నిర్ణయం తీసుకునేది పై మనిషి. హౌస్ సర్జన్ కేస్ షీట్‌లో రాసింది పొద్దున రౌండ్స్‌లో పెద్దసారు అందరి ముందూ చదివి, తప్పులు పట్టి, దిద్దుతారు. ఒకే రోగిని ముగ్గురు నలుగురు వేర్వేరుగా పరీక్షించడం ఇందుకే. విసుగు పుట్టించే ఆ మాటిమాటి ప్రశ్నల వల్ల ఒకరి కంటికి ఆనంది మరొకరి కంటపడుతుంది.

ఈ వరుస సరిగా సాగాలంటే పై డాక్టరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. లేనిచోట హౌస్ సర్జన్ ఒంటరి అవుతారు, రోగికీ ప్రమాదమే. జనం భయంలో నిజమున్నది అక్కడే. అలాంటప్పుడు 'మీ పై డాక్టరుకు చెప్పారా?' అని అడగడం రోగి హక్కు. మంచి హౌస్ సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

అపోహ: రోగం వివరాలు రాసుకోవడం గుమాస్తా పని.

నిజామాబాద్ వార్డులో తెలుగు ఒక్కటే చాలదు. ఒక మంచం మీద ఉర్దూ, పక్క మంచం మీద మరాఠీ వినిపిస్తాయి. తెలుగులోనూ కృష్ణా తీరం నుంచో హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ నుంచో వచ్చిన డాక్టరుకు 'పానం మంచిగ లేదు', 'పెయ్యంత గుంజుతుంది', 'కండ్లు తిరుగుతున్నయ్' అన్న మాటలకు అర్థం పట్టడానికి వారాలు పడుతుంది. బీడీలు చుట్టే అమ్మ 'దమ్మొస్తుంది' అంటే అది ఆస్తమానా, రక్తం లేకపోవడమా, గుండె జబ్బా అన్నది ఆమె చెప్పేది ఓపికగా వింటేనే తేలుతుంది.

కల్లు సంగతి ఈ ప్రాంతంలో మరీ ముఖ్యం. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజున చేతులు వణికి, నిద్రపట్టక, లేనివి కనబడి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రికి చేరతారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఉత్తర తెలంగాణ ఆసుపత్రులకు ఇలాంటివారు పెద్దసంఖ్యలో వచ్చారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. ఆసుపత్రిలో 'కల్లు తాగుతరా?' అంటే సిగ్గుపడి లేదంటారు. ఎన్ని రోజులైంది కల్లు మానేసి, ఏ దుకాణంలో తాగేవాడు అని తిట్టకుండా అడగగలిగిన హౌస్ సర్జన్ దగ్గరే నిజం బయటపడుతుంది. కల్లులో కలిపే మత్తుమందుల జాతి మందే ఇచ్చి మెల్లగా తగ్గిస్తూ పోతే ఇలాంటివారు కోలుకుంటారు.

అపోహ: ఊళ్లలో పోస్టింగ్ అంటే సెలవుల్లాంటిది.

12 వారాల కమ్యూనిటీ మెడిసిన్‌ను కొందరు హౌస్ సర్జన్లే అలా చూస్తారు. కానీ జబ్బు ఎక్కడ పుడుతుందో కనిపించేది అక్కడే. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర్లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దాని చుట్టూ చెరకు వేసిన ఊళ్లలో ఎన్నో వరి వైపు మళ్లాయి, మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు, ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. షుగరు మాత్రలు ఎందుకు మానేశావని వార్డులో కోప్పడిన డాక్టరు, అలాంటి ఇంటి గడప దగ్గర తంబాకు చాట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మను చూస్తే ఇంకోసారి అలా కోప్పడరు. బుధ, శనివారాల టీకాలు, గర్భిణుల నమోదు, క్షయ రోగి మందులు ఆపకుండా చూడటం ఇవన్నీ ఈ పోస్టింగ్‌లోవే.

అపోహ: నిద్ర లేకుండా పనిచేస్తేనే గట్టి డాక్టరవుతారు.

ఇది బయటి జనం కన్నా డాక్టర్లలోనే ఎక్కువ. మా రోజుల్లో 36 గంటలు నిలబడ్డామని గర్వంగా చెప్పుకునే పెద్దలున్నారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. న్యూయార్క్‌లో 1984లో ఒక యువతి చనిపోయిన కేసు తర్వాత శిక్షణ డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేశారు. మన దేశంలో రెసిడెంట్ డాక్టర్ల వరుస డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. వారానికి 74 గంటలు మించకూడదని 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం సూచించింది. కాగితం మీది మాట వార్డు దాకా ఇంకా పూర్తిగా రాలేదు. సగం నిద్రలో ఉన్న చెయ్యి ఇంజెక్షన్ మోతాదు లెక్కపెట్టడం రోగికి మంచిది కాదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టకూడదు.

అపోహ: నెలనెలా పెద్ద జీతం వస్తుంది.

వచ్చేది స్టైపెండ్. తెలంగాణలో హౌస్ సర్జన్లకు ఇది 2023లో నెలకు రూ.25,906 అయింది, 2025లో రూ.29,792కు పెరిగింది. రాష్ట్రంలో నెలల తరబడి అందక జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. ఏడాదికి సెలవులు 15 రోజులే.

అపోహ: రోగి చనిపోతే దగ్గరున్న డాక్టరుదే తప్పు.

చివరి ఘడియలో రోగి గుండె మీద రెండు చేతులు పెట్టి నొక్కుతూ కనిపించేది తరచుగా హౌస్ సర్జన్. అందుకే కోపం మొదట తగిలేదీ వాళ్లకే. ఆలస్యంగా వచ్చిన కేసా, వైద్యానికి లొంగని జబ్బా, నిజంగా నిర్లక్ష్యమా అన్నది తేల్చడానికి ఫిర్యాదు, విచారణ అనే దారులున్నాయి. వైద్య సిబ్బందిపై దాడికి 2008 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల దాకా జరిమానా పడవచ్చు. చావు కబురు చెప్పడం ఎవరూ సరిగా నేర్పని పని. 24 ఏళ్ల డాక్టరును ఆ మాట చెప్పడానికి ఒంటరిగా వరండాలోకి పంపకుండా సీనియర్ పక్కన నిలబడితే చాలా గొడవలు మొదలే కావు.

అపోహ: ఈ ఏడాదిలో అసలు పని నీట్ పీజీ చదువు.

200 ప్రశ్నలు, 800 మార్కుల ఆ పరీక్ష ర్యాంకును బట్టే పై చదువు. కాబట్టి ఆత్రుత సహజం. ఇంటర్న్‌షిప్ పూర్తికానిదే పీజీలో చేరడానికి మాత్రం లేదు. ప్రతి పోస్టింగ్ చివర లాగ్‌బుక్‌లో విభాగం సంతకం పడాలి, సంతృప్తికరంగా లేదనిపిస్తే ఆ పోస్టింగ్ మళ్లీ చేయాల్సిందే. ఏడాది నిండాక ఆ పుస్తకం చూసి కాలేజీ పూర్తి ధ్రువపత్రం ఇస్తుంది, దాన్నిబట్టి వైద్య మండలి శాశ్వత రిజిస్ట్రేషన్ ఇస్తుంది. అప్పటి నుంచి సర్టిఫికెట్ మీద ఆ డాక్టరు సొంత సంతకం చెల్లుతుంది.